ముందు ఎవరి మొహం రావాలి

మా లోసా అత్త వెబ్‌సైట్ తెరుచుకునేలోపు కొబ్బరికాయ కొట్టి, కోరి, పాలు పిండేయొచ్చు. వెటకారానికి అనడం లేదు. ఒక ఆదివారం పొద్దున వంటపాకలో కూర్చుని నిజంగానే పరీక్షించాను. పాలు పిండటం అయింది, పేజీ ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను ఆపియా పట్నంలో ఇలాంటి సైట్ల ఆలనాపాలనా చూస్తుంటాను. పాతబడినవి మార్చడం, చెత్త తీసేయడం, పేజీలు చటుక్కున తెరుచుకునేలా చేయడం నా పని. అత్తది సముద్రం ఒడ్డున మా ఊరి పాకలు అద్దెకిచ్చే సైటు. గోడల్లేని పాకలు, లోపల చాపా దోమతెరా, ఎదురుగా నీళ్లు. మామయ్య పోయాక అత్త బతుకంతా ఆ పాకలే. ఈమధ్య సైటు తెరుచుకోక ఆక్లాండ్ నుంచి వచ్చే జనం రావడం మానేశారు. ఊరికే పడి ఉన్న ఒడ్డును హోటల్ కంపెనీకి ఇచ్చేద్దామని ఊరి సభలో మాట మొదలైంది. శనివారం తేల్చేస్తారట.

"ఒసేయ్ ఫెతూ, పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల సైట్లన్నీ బాగుచేస్తావు, సొంత అత్తది కంటికి ఆనదేమే?" అని అత్త నా మీద విరుచుకుపడింది.

సైటు లోపలికి వెళ్లి చూస్తే నాకు ఒళ్లు మండింది. పాస్‌వర్డ్ ఊరందరి దగ్గరా ఉంది. ఎవరికి తోచింది వాళ్లు తగిలించారు. క్రిస్మస్‌కి పెట్టిన మంచు ఈస్టర్ దాటినా మా కొబ్బరిచెట్ల మీద కురుస్తూనే ఉంది. వాతావరణం చెప్పే ప్లగిన్లు మూడు. ఒకటి వాన అంటుంటే పక్కది ఎండ అంటోంది. అవన్నీ పీకి పారేశాను, ఎవరూ నోరెత్తలేదు. అసలు భారం వేరే ఉంది. మొదటి పేజీలో ఊరి పెద్దలు తొమ్మిదిమంది ఫోటోలు, హోదా వరసలో. చూడ్డానికి ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంతే, కానీ కెమెరాలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించారు కాబట్టి లోపల మాత్రం గోడకు అతికించుకునేంత ఉంది. పాకల ఫోటో వాటన్నిటి కిందా ఎక్కడో పడి ఉంది.

"వీటి బరువు తగ్గించాలి అత్తా."

"పెద్దల ఫోటోలా? ఆ మాట నువ్వే వెళ్లి చెప్పు తల్లీ. నాకు ఈ ఊళ్లో ఇంకా కొన్నాళ్లు ఉండాలనుంది."

శనివారం అత్తా నేనూ వెళ్లి సభ అంచున కూర్చున్నాం. పెద్దలు చావడిలో స్తంభానికొకరు చొప్పున ఆనుకుని ఉన్నారు. వరసలో మొదటివాడు మికాయెలె. మా ఒడ్డున ఆయనంత నిండైన మనిషి లేడు. నేను సంగతి చెప్పగానే ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"నన్ను తగ్గిస్తావా? మా తాత, మా నాన్న ఈ స్తంభానికే ఆనుకుని కూర్చున్నారు. ఎవరూ పిసరంత తగ్గలేదు."

"మిమ్మల్ని కాదయ్యా, ఫోటోని. పైకి ఇలాగే ఉంటారు. లోపల బరువే పోతుంది."

"విన్నారా? లోపల ఏమీ లేకుండా చేస్తుందట!"

సభ గొల్లుమంది. నిరుడే పెద్దరికం అందుకుని వరసలో ఆఖరున కూర్చున్న ఇయోపు చెయ్యెత్తాడు. "పోనీ నాది తగ్గించి చూడమ్మాయ్. నాకు కొత్తగా పోయేదేముంది?"

అందరికీ నచ్చింది. తగ్గేవాడు ఇయోపు అయితే ఎవరికి బాధ? అక్కడికక్కడే తగ్గించి, ఫోన్ మికాయెలె చేతికిచ్చాను. ఆయన పేజీ తెరిచాడు.

తెరవగానే ఇయోపు వచ్చేశాడు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. మిగతా ఎనిమిది చోట్లూ ఖాళీ. మా సభలో ఆవా పానీయం ముందు ఎవరికి అందించాలో పొరపాటు జరిగితే ఏళ్ల తరబడి మాటలుండవు. మికాయెలె మెడ ఎర్రబడింది.

"నేనేడీ?"

"వస్తున్నారయ్యా."

"ఎందాకా వచ్చాను?"

"నుదురు దాకా."

"నేను నుదురు దగ్గరే ఉంటే వీడప్పుడే వచ్చి కూర్చుని పళ్లికిలిస్తున్నాడా?"

"ఒళ్లు తేలిగ్గా ఉంది కదండీ," అన్నాడు ఇయోపు వినయంగా.

మికాయెలె ఫోన్ నా ముందు పెట్టాడు. "అమ్మాయ్, నన్ను వీడికంటే తేలిక చెయ్యి. ఈ ఊళ్లో నాకంటే తేలికైనవాడు ఉండటానికి వీల్లేదు."

"ఆయన తరవాత నేను!" అన్నాడు రెండో స్తంభం పెద్దాయన. ఇంక అక్కడ తోపులాటే. అందరినీ వరస తప్పకుండా తేలిక చేశాను. అప్పుడు ఇంకో మాట అడిగాను.

"పెద్దలు వచ్చి కూర్చోవాలంటే ముందు పాక ఉండాలి కదయ్యా. పాకల ఫోటో మీకంటే పైన పెట్టనా?"

"పెట్టు మరి," అని విసుక్కున్నాడు మికాయెలె. "పాకే లేకపోతే వచ్చి ఎక్కడ కూర్చుంటాం?"

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయాడు. ఆయన ఒడ్డు వైపు చూశాడు, తరవాత తలొంచుకుని చాప అంచు పీకుతున్న అత్తను చూశాడు.

"లోసా, హోటలువాళ్లకు ఇక్కడ ఖాళీ లేదని చెప్పిస్తాను. నువ్వెళ్లి చాపలు దులుపు."

అప్పటికి ఒక్క బుకింగ్ కూడా రాలేదు. అయినా అత్త కళ్లు తుడుచుకుంటూ ఒడ్డుకు పరిగెత్తింది. నాకూ ఏడుపొచ్చింది. వెనక మికాయెలె నా ఫోన్ మళ్లీ తెరిచి, ఇయోపు కంటే ముందొచ్చిన తన మొహాన్ని చూసుకుంటున్నాడు.