పంతొమ్మిదో అంశం: పిన్ని కొట్టు ముందు స్తంభం

మా ఇంటి ముందుగదిలో పద్నాలుగు నెలలుగా ఒక ఇస్త్రీ యంత్రం కాపురం చేస్తోంది. చేత్తో పట్టుకునే పెట్టె కాదు. మంచమంత పొడవు, రెండు పెద్ద రోలర్లు, ఇటు తడి దుప్పటి పెడితే అటు నలగని దుప్పటి వచ్చేస్తుంది. అది మా పిన్నిది. మా ఆయన దాని మీద పేపరు పరుచుకుని చదువుతాడు, మా అమ్మాయి దాని మీద లెక్కలు చేసుకుంటుంది, ఇంటికెవరొచ్చినా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తే గానీ కుర్చీ అందదు.

పిన్ని లాండ్రీలో ఉండాల్సింది మా ఇంట్లో ఎందుకుందంటే, ఆవిడ కొట్టు గుమ్మానికి మూరెడు దూరంలో జిల్లా మండలి వాళ్లు పాతిన ఇనుప స్తంభం ఉంది. దాని మీద బోర్డు. బోర్డు మీద "మీ సమస్యే మా సమస్య" అని ఉంటుంది. మనుషులైతే పక్కకి తిరిగి దూరతారు, బట్టల మూటల్ని నొక్కి లోపలికి తోస్తారు. యంత్రం తిరగదు, దాన్ని నొక్కలేం. పోనీ విడదీసి తీసుకెళ్దామా అంటే, అమ్మినాయన "విప్పడం నాకొచ్చు, మళ్లీ బిగించడం మీ అదృష్టం" అని చేతులు దులుపుకున్నాడు.

స్తంభాన్ని రెండడుగులు ఎడం పక్కకి జరపమని పిన్ని మండలికి అర్జీ పెట్టింది. ఆ అర్జీ రాసింది నేనే, తీసుకుని ముద్ర కొట్టింది నేనే, జాబితాలో పంతొమ్మిదో అంశంగా ఎక్కించిందీ నేనే. ఎందుకంటే ఆ మండలిలో మినిట్స్ రాసే గుమాస్తాని నేనే. నా చేతిలో లేనిదల్లా ఒక్కటే, దాన్ని తేల్చడం.

ఇక మా మండలి గురించి. సభ్యులు పదకొండు మంది. అందరూ మంచివాళ్లే, విడివిడిగా దొరికితే. సమావేశం ప్రతిసారీ ఒకటో అంశంతోనే మొదలవుతుంది. ఒకటో అంశం, సమావేశ మందిరం గోడలకి ఏ రంగు వెయ్యాలన్నది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది దాన్ని మొదటిసారి చదివాను, అంటే తొమ్మిదేళ్ల కిందట. అప్పట్నుంచీ ప్రతి నెలా చదువుతూనే ఉన్నాను. రంగు మీద మాట్లాడ్డం మొదలెడితే భోజనం వేళకి గానీ ఆపరు, భోజనం వేళ దాటితే ఎవరూ ఆగరు.

మాట్లాడేవాళ్లలో మొనగాడు ఉపసంఘం గారు. ప్రతిదానికీ ఒక ఉపసంఘం వేద్దామంటాడు కాబట్టి ఆయనకా పేరు వచ్చింది. ఒకసారి ఆయన గంటన్నర మాట్లాడితే, నేను మినిట్స్‌లో "సభ్యుడు మాట్లాడారు" అని రాశాను. అబద్ధం రాయలేదు కదా! ఆయనకి ఒళ్లు మండి, మినిట్స్ గుమాస్తా పోస్టు రద్దు చెయ్యాలనీ, ఎవరి ప్రసంగం వాళ్లే రాసుకోవాలనీ తీర్మానం పెట్టాడు. అది పద్నాలుగో అంశం. నాకేం భయం వెయ్యలేదు. పద్నాలుగు దాకా ఎవరొస్తారు?

నిజానికి మా దగ్గర నిర్ణయం తీసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మొట్టమొదటి అధ్యక్షుడెవరో పెట్టి పోయాడు. గుమాస్తా అంశం చదవగానే బంట్రోతు తాత ఇసుక గడియారం తిరగేస్తాడు. ఇసుక దిగడానికి ఒక నిమిషం. ఈలోగా ఎవరూ నోరు విప్పకపోతే తాత గంట కొడతాడు, అంశం నెగ్గినట్టే, గుమాస్తా వెంటనే తరవాతి అంశం చదవాలి. నోరు విప్పితే మాత్రం చర్చ. తాత ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్లు. ఒక్కసారి కూడా గంట కొట్టలేదు. అయినా రోజూ దాన్ని గుడ్డపెట్టి తుడుస్తాడు. ఆయన పక్కనే పనుల మేస్త్రీ కూర్చుంటాడు. ఏదైనా నిర్ణయమైతే తక్షణం అమలు చెయ్యడానికి నలుగురు మనుషులతో, నిచ్చెనతో, గునపంతో వస్తాడు. నిచ్చెన గోడకి ఆనించి నిద్రపోతాడు.

ఇలా నిమ్మకు నీరెత్తినట్టున్న మండలి మీద ఆ నెలలో పిడుగు పడింది. మండళ్లు నిర్ణయాలెలా తీసుకుంటున్నాయో సమీక్షించడానికి పైనుంచి ఒకావిడ వస్తోందని ఉత్తరం వచ్చింది. పాలన బాగా లేదని ఆవిడ రాస్తే మమ్మల్ని పక్క మండలిలో కలిపేస్తారట. పదకొండు కుర్చీలూ పోతాయి. అధ్యక్షుడు ఉత్తరం మూడుసార్లు చదివి మంచినీళ్లు అడిగాడు.

ఆ సమావేశం ముందురోజు సాయంత్రం పిన్ని మా ఇంటికొచ్చింది. వచ్చి యంత్రం మీద దుమ్ము తుడిచింది. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు, ఎడంచేత్తో తుడిచింది.

"హాస్టలు వాళ్లు ఒకటో తారీఖు దాకా ఆగుతామన్నారే. రెండొందల దుప్పట్లు. చేత్తో ఇస్త్రీ చెయ్యడం ఇక నా వల్ల కాదు. యంత్రం లోపలికి రాకపోతే కొట్టు మూసేస్తాను" అంది.

"రేపు చూద్దాం పిన్నీ."

"పద్నాలుగు నెలల్నుంచీ రేపే చూస్తున్నావు. మీవాళ్లు నోళ్లు మూసుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది కదే!"

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చేతులే.

మర్నాడు సమీక్షకురాలు వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచి. కాసేపు కూర్చుని మా సమావేశం చూసింది. గోడల రంగు మీద ఉపసంఘం గారు లేత ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చకి వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తింది.

"మీలో లోపం ఒకటే. ఆలోచించకుండా మాట్లాడుతున్నారు. ఇవాళ ప్రయోగంగా ఒక కొత్త నియమం పెట్టుకుందాం. అంశం చదవగానే రెండు నిమిషాలు అందరూ మౌనంగా ఆలోచించాలి. ఆ తరవాతే చర్చ. మౌనంలో ఎవరు నోరు తెరిచినా నేను తప్పు గుర్తు వేస్తాను. మూడు తప్పులైతే మీ మండలి గతి మీకు తెలుసు" అంది.

"ఒక ఉపసంఘం..." అన్నాడు ఉపసంఘం గారు. ఆవిడ ఒక తప్పు గుర్తు వేసింది. "ఇంకా మొదలు..." అన్నాడు అధ్యక్షుడు. రెండోది వేసింది. అంతే, పదకొండు మందీ కుక్కిన పేనుల్లా అయిపోయారు.

నేను ఒకటో అంశం మళ్లీ మొదట్నుంచీ చదివాను: గోడలకి లేత పసుపు గానీ, ఆకుపచ్చ గానీ, నీలం గానీ, లేదా మూడూ గానీ వెయ్యాలి. తాత అలవాటు కొద్దీ ఇసుక గడియారం తిరగేశాడు. గదిలో ఉలుకూ పలుకూ లేదు. కిటికీ రెక్క కొట్టుకోవడం మొదటిసారి విన్నాను. ఇసుక సన్నగా దిగింది, దిగింది, అయిపోయింది. తాత గడియారాన్ని ఎత్తి వెలుగులో చూశాడు. ముప్పై ఏళ్లు తుడిచిన గంటని టంగుమని కొట్టాడు.

మేస్త్రీ నిద్రలోంచి ఎగిరిపడ్డాడు.

రెండు నిమిషాల మౌనంలో ఒక నిమిషం ఇసుక పట్టదా మరి! ఆ లెక్క నాకు అప్పుడు తట్టింది. గంట కొడితే వెంటనే తరవాతి అంశం చదవడం నా విధి. చదివితే కొత్త మౌనం మొదలు. చర్చ అనేది ఇక రాదు. నేను గబగబా రెండో అంశం చదివాను: మందిరంలో ఉన్న ఫ్యాను పీకెయ్యాలి. టంగ్. మూడో అంశం: ఉన్న ఫ్యాను పక్కన ఇంకో ఫ్యాను బిగించాలి. టంగ్. రెండూ ఇద్దరు సభ్యులు ఒకరి మీద ఒకరు పంతానికి పెట్టుకున్నవి, రెండూ నెగ్గాయి.

మేస్త్రీ ఆకలి మీదున్నాడు. మనుషుల్ని వేసుకొచ్చి, బల్ల మీద నిచ్చెన పెట్టి, సభ్యుల నెత్తి మీదే ఫ్యాను విప్పడం మొదలెట్టాడు. సభ్యుల్లో ఒకావిడ పళ్ల డాక్టరమ్మ, ఆవిడ కాఫీలో ఒక బోల్టు పడింది. ఆవిడ నోరు తెరిచింది, సమీక్షకురాలి పెన్సిలు వైపు చూసింది, మూసేసింది. రోజూ జనాన్ని నోరు తెరవమనే మనిషి అంత గట్టిగా దవడలు బిగించడం చూస్తే నవ్వాగలేదు. నవ్వితే తప్పు గుర్తు పడుతుందేమోనని కాగితం అడ్డం పెట్టుకున్నాను.

అయిదో అంశం అధ్యక్షుడి మెత్తటి కుర్చీ తీసేసి అందరిలాంటి కుర్చీ వెయ్యాలన్నది. గంట మోగేసరికి ఇద్దరు మనుషులొచ్చి చెరో పక్కా నించున్నారు. అధ్యక్షుడు గుడ్లప్పగించి చూశాడు, చేతులూపాడు, దండం పెట్టాడు. చివరికి మాట్లాడకుండా లేచాడు. ఆయన పొట్టి మనిషి, ఆ కుర్చీయే ఆయన ఎత్తు. కొత్త కుర్చీలో గడ్డం వచ్చి బల్లకి ఆనింది. సమీక్షకురాలు ముచ్చటపడి ఏదో రాసుకుంది.

ఆరు, ఏడు, ఎనిమిది. బిస్కెట్లు రద్దు. టంగ్. తొమ్మిది, పది. తాతకి హుషారొచ్చి గంటని రెండుసార్లు కొడుతున్నాడు. పదమూడు కూడా అయిపోయింది.

పద్నాలుగో అంశం నా కళ్ల ముందుంది.

నేను చదవకుండా ఆగిపోవచ్చు. గొంతు పట్టేసిందని సైగ చెయ్యొచ్చు. ఏదో వంక పెడితే భోజనం వేళ అయిపోతుంది, వచ్చే నెల మళ్లీ గోడల రంగు, నా కుర్చీ నాది. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. వాళ్ల గంటన్నర మాటల్ని ఒక్క వాక్యంలోకి కుదించడంలో నాకున్న సుఖం ఎవరికి చెప్పను? కానీ పంతొమ్మిది చేరాలంటే పద్నాలుగు దాటాలి, వరస తప్పకూడదు. ఎడంచేత్తో దుమ్ము తుడుస్తున్న పిన్ని కనిపించింది.

చదివాను. "మినిట్స్ గుమాస్తా పోస్టు రద్దు చెయ్యాలి."

ఇసుక దిగడం మొదలైంది. తాత నా వైపు చూశాడు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చిత్రమేమిటంటే, తీర్మానం పెట్టిన ఉపసంఘం గారే గాభరాగా తల అడ్డంగా ఊపుతున్నాడు. ఎవరి ప్రసంగం వాళ్లే రాసుకోవాలంటే ఎంత రాయాలో ఆయనకి అప్పుడు తెలిసొచ్చినట్టుంది. వద్దు వద్దని చేతులూపాడు. నోరు మాత్రం విప్పలేదు. మూడో తప్పు ఆయన పేరున పడితే మిగతా పదిమందీ బతకనివ్వరు.

టంగ్. ఒక్కసారే కొట్టాడు తాత, అదీ మెల్లగా.

ఉద్యోగం పోయిన మనిషి తరవాతి అంశం చదవొచ్చా? ఆ అనుమానం నాకే వచ్చింది, పదకొండు మొహాల్లోనూ కనిపించింది. కానీ అడగాలంటే మాట్లాడాలి కదా! నేను కళ్లు తుడుచుకుని పదిహేను చదివాను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది. చివరికి పంతొమ్మిది, జాబితాలో ఆఖరిది. దాన్ని మాత్రం నించుని చదివాను.

గంట మోగింది. మేస్త్రీ గునపం భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు.

అప్పుడు లేచింది గోల. పదకొండు మందీ ఒకేసారి మాట్లాడారు. అన్నీ రద్దు చెయ్యాలన్నారు. సమీక్షకురాలు సంచి సర్దుకుంటూ, "రద్దు చెయ్యాలంటే అది కొత్త అంశం, వచ్చే నెల జాబితాలో పెట్టుకోండి. ఇరవై నిమిషాల పైచిలుకులో పంతొమ్మిది నిర్ణయాలు! ఇన్ని మండళ్లు తిరిగాను, ఇంత ఆలోచించి పనిచేసేవాళ్లని చూడలేదు" అని అధ్యక్షుడికి కరచాలనం చేసింది. దానికోసం ఆవిడ బాగా వంగాల్సి వచ్చింది.

నేను సొరుగులోంచి నా పెన్నులూ టిఫిను డబ్బా తీసుకుని, తాతకి చెప్పి బయటికొచ్చాను. దారి పొడుగునా ఏడ్చాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

పిన్ని కొట్టు దగ్గరికెళ్లేసరికి స్తంభం రెండడుగులు ఎడం పక్కకి జరిగి ఉంది, బోర్డుతో సహా. సాయంత్రానికి మా ఆయనా, మేస్త్రీ మనుషులూ కలిసి యంత్రాన్ని బండి మీద తెచ్చి లోపల దింపారు. గుమ్మానికి ఇంకా జానెడు ఖాళీ మిగిలింది. పిన్ని మొదటి దుప్పటి రోలర్ల మధ్య పెట్టి, అది అటునుంచి వస్తుంటే చంటిపిల్లని చూసినట్టు చూసింది. ఉద్యోగం పోయిన సంగతి నేను చెప్పలేదు. తాత వచ్చి చెప్పిపోయాడట.

ఒకటో తారీఖు దాటి రెండు వారాలైంది. హాస్టలు దుప్పట్లు వస్తున్నాయి, వెళ్తున్నాయి. ఏ పనీ లేదు కదా అని రోజూ వెళ్లి మడతలు పెడుతున్నాను. నిన్న అధ్యక్షుడు బల్ల గుడ్డ ఉతకడానికి వేసే నెపంతో వచ్చాడు.

"ఏం చెప్పమంటావమ్మా! మూడు రంగుల గదిలో కళ్లు తిరుగుతున్నాయి. పీకిన ఫ్యాను పక్కన రెండోది ఎక్కడ బిగించాలో తెలీక మేస్త్రీ నిచ్చెన మీదే కూర్చున్నాడు. ఉపసంఘం గారు తన ప్రసంగం తనే రాసుకొచ్చాడు, నూట పది పేజీలు. నీ పోస్టు మళ్లీ పెట్టాలని ఒకటో అంశంగా పెట్టాం. అందరూ ఒప్పుకున్నవాళ్లే, కానీ ఆ ముక్కే ఒకరి తరవాత ఒకరు చెబుతున్నారు. తేలిపోతుంది. వచ్చే నెల కాకపోతే ఆ పై నెల..."

నా మనసు లాగింది. లాగలేదంటే అబద్ధం. ఆ నూట పది పేజీల్ని ఒక్క వాక్యంలోకి దించడానికి వేళ్లు దురద పెట్టాయి.

పిన్ని యంత్రం ఆపకుండానే నా వైపు తిరిగింది.

"ఏమే, నాతోనే ఉండిపోతావా?"

"ఉంటా."

"సరే. ఆ కొస పట్టుకో."

నేను కొస పట్టుకున్నాను. అధ్యక్షుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.