ఎనిమిదో నంబరు మూస

ఏడో నంబరు మూస ఆ ఉదయమే పగిలింది. పదకొండేళ్లుగా కొలిమిలో ఎర్రబడుతూ వచ్చిన పింగాణీ గిన్నె చేయి జారి, గచ్చు మీద మూడు ముక్కలైంది. ఆయన వంగి ముక్కలు ఏరాడు. వెంటనే లేవలేక బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

"మీ చేతిలోంచి జారడమేంటి బాబాయ్?" అంది బొగ్గు పొడి చేసే ఆవిడ. "గిన్నెక్కూడా రిటైరవ్వాలనిపించిందేమో."

"దానికున్న తెలివి నాకు లేదమ్మా."

బొగ్గు పరీక్షించే ఆ గదిలో అందరూ ఆయన్ని బూడిద బాబాయ్ అంటారు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఒకటే పని. గ్రాము పొడి తూచి మూసలో పోయడం, కొలిమిలో కాల్చడం, మిగిలింది తూచడం. బొగ్గులోని తేమ ముందు పోతుంది. తర్వాత వాయువులు, ఆ తర్వాత కర్బనం మండిపోతాయి. ఎప్పుడో పూడిపోయిన అడవిలోకి వరద తెచ్చిన మట్టి మాత్రం మండదు. ఆ మట్టే బూడిద.

ఆ రోజు నమూనా మూడో గనిది. బూడిద నూటికి నలభై అయిదు దాటితే గని మూసేస్తారు. ఏ బొగ్గునైనా రెండుసార్లు కాల్చాలి, రెండింటి సగటే లెక్క. నిన్న ఏడో నంబరు మూసలో నలభై అయిదూ పాయింటు రెండు వచ్చింది. రెండోది ఎనిమిదో నంబరులో, కొలిమిలో ఉంది.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతని పని మూడో గనిలోనే. తండ్రి పోయాక అతన్ని పెంచి, అందులో చేర్పించింది ఆయనే.

"అన్నం తిన్నావా?"

"తిన్నాలే. అన్నయ్యా, వేడి మీద తూస్తే బరువు తక్కువ చూపిస్తుందని నువ్వే అన్నావోసారి."

"అది కొత్తవాళ్లు చేసే తప్పని కూడా అన్నాను."

"కొంచెం తగ్గితే చాలు. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన కొలిమి వైపు తిరిగి గడియారం చూసుకున్నాడు.

"నన్నందులో దింపింది నువ్వే," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "ఈ వయసులో ఇంకెక్కడికి పోను?"

"వెళ్లు. నీ షిఫ్టు టైమవుతోంది."

గంట నిండాక కొలిమి తలుపు తీసి, పొడవాటి పట్టకారుతో మూసను బయటికి తీశాడు. ముఖానికి సెగ తగిలింది. కుడివైపు త్రాసు, ఎడమవైపు మూసలు చల్లార్చే గాజు జాడీ. ఆయన త్రాసు అద్దం తలుపు జరిపాడు. మూస పళ్లెం పైదాకా వెళ్లింది. అలా ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. చివరికి వెనక్కి తిరిగి, మూసను జాడీలో పెట్టి మూత బిగించాడు. చల్లారడానికి అరగంట పడుతుంది. ఎడమ భుజం రుద్దుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు.

"బాబాయ్, బస్సొచ్చేస్తుంది," అంటూ వచ్చింది ఆవిడ సాయంత్రం.

ఆయన గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. పట్టకారు ఒళ్లోనే ఉంది. ఆవిడ రెండోసారి పిలవలేదు. దగ్గరికెళ్లి చేయి ముట్టుకుంది.

తమ్ముణ్ణి గనిలోంచి పైకి పిలిపించారు. ఒంటి నిండా బొగ్గుతోనే వచ్చి అన్న కాళ్ల దగ్గర కూలబడ్డాడు. చాలాసేపటికి తలెత్తి, తెరిచి ఉన్న త్రాసు తలుపు వైపు చూశాడు.

"తూచాడా?"

"లేదు. చల్లారాలని పెట్టారు," అంది ఆవిడ.

పుస్తకంలో మూడో గని కింద ఒక అంకె ఉంది. పక్క గడి ఖాళీగా ఉంది. ఎనిమిదో నంబరు మూస గాజు జాడీలో చల్లారింది. దాన్నింకా ఎవరూ తూచలేదు.