తేదీ తెలియని యంత్రం

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక తోడల్లుళ్ళిద్దరూ వెనకగదిలో చేరి తమ కంప్యూటర్లను పోల్చుకునేవారు. పెద్దల్లుడు ఒకప్పుడు అచ్చాఫీసులో పేజీలు కూర్చినవాడు. అతనిది బూడిదరంగు యంత్రం, ఆ గదిలోనే మేజా మీద ఉండేది. చిన్నల్లుడు టీవీ కేంద్రంలో టైటిళ్ళు వేసినవాడు, అతనిది మీగడరంగుది. దాన్ని ఇంట్లోనే ఉంచి, కొలతలు మాత్రం నోటుబుక్కులో రాసుకొచ్చేవాడు. రెండూ పదహారు బిట్ల కాలం నాటివి, రెండింటి లోపలా ఉన్నది ఒకే రకం ప్రాసెసరు. ఆ ఒకే మెదడుతో ఏది ఎక్కువ సాధించిందన్నదే ముప్ఫై అయిదేళ్ళ తగవు. వేగంలో బూడిదది పిసరంత ముందు; రంగుల్లో మీగడది ఎంతో ముందు. వాద్యాలు తగిలించుకునే సదుపాయం బూడిదదానికుంది. ఒకేసారి నాలుగు పనులు చేసే నేర్పు మీగడదానికుంది.

ఆ వాదన నడుస్తున్నంతసేపూ పెద్దల్లుడి భార్య కిటికీ లేని ఆ గదిలోనే, మేజా పక్కన వాలుకుర్చీలో కూర్చుని ఉండేది. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందనీ, నాలుగు నెలలనీ వైద్యుడు చెప్పి మూడేళ్ళు దాటింది. ఆ నాలుగు నెలల్లో పదకొండు రోజులు గడిచాక, ఎండ తట్టుకోలేక ఆమె ఆ గదిలోకి మారింది. అంతే, జబ్బు ఉన్నచోటే ఆగింది. ఆ గదిలో ఏదీ ముదరదు, ఏదీ చెడదు. ఊరెళ్ళేటప్పుడు ఇరుగుపొరుగు పాలగిన్నెలు తెచ్చి ఆ మేజా మీద పెట్టి వెళ్ళేవారు. స్నానాల గది ఆ గదికే ఆనుకుని ఉండటం ఒక అదృష్టం, ఆమె బయటికి రావలసిన పని లేకపోయింది. ఎందుకిలా అని అడిగినవారు లేరు. పాలు ఎన్నాళ్ళు నిలిచాయన్నది మాత్రం తోడల్లుళ్ళు కొలిచి రాసుకున్నారు.

ఒక ఆదివారం పోలికల పట్టిక చెరో పదకొండు గెలుపుల దగ్గర నిలిచింది. ఇరవైమూడో వరుస మిగిలింది.

"మీదానికి పొద్దున్నే ఇవాళ ఏ రోజో మనమే చెప్పాలి అన్నయ్యా, బస్టాండులో తప్పిపోయిన తాతగారికి చెప్పినట్టు," అన్నాడు చిన్నల్లుడు. "మాదానికి గడియారం ఉంది. నిద్రలో లేపి అడిగినా చెప్తుంది."

అది నిజమే. బూడిద యంత్రానికి రోజులు తెలియవు. ఎప్పుడు వెలిగించినా తాను తయారైన నాటి తేదీనే చూపేది. పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. మరుసటి వారమే పాత సామాను అమ్మేవాడి దగ్గర నుంచి గోరంత గడియారపు పలక ఒకటి తెప్పించాడు. దాని మీద బొత్తామంత బ్యాటరీ. బుధవారం పొద్దున మూత విప్పి, చిప్పు పైకి లేపి, దాన్ని కింద ఇరికించాడు. తెర మీద ఆనాటి తేదీ వెలిగింది. ఫోను చేసి తోడల్లుడికి వినిపించాడు కూడా.

గురువారం పక్కింటివాళ్ళ పాలు విరిగాయి. శుక్రవారం భార్య గోళ్ళు కత్తిరించుకోవడానికి కత్తెర అడిగింది. మూడేళ్ళలో ఆమె అది అడగలేదు. అప్పుడు అర్థమైంది అతనికి, ఆ గదిలో రోజుల్ని ఆపినది తేదీ తెలియని ఆ యంత్రమేనని. కొలవడమే తప్ప కారణం వెదకని ఇద్దరు మనుషులు ముప్ఫై అయిదేళ్ళు ఆ యంత్రాన్ని కొలిచారు.

పలక పీకేశాడు. మర్నాడు వెలిగిస్తే అది అడక్కుండానే సరైన తేదీ చెప్పింది. ఒకసారి తెలిశాక దానికి మరపు రాలేదు. సంగతి విన్న చిన్నల్లుడు పరుగున మీగడ యంత్రాన్ని చంకనపెట్టుకొచ్చి, దాని గడియారం ఊడబెరికి, మేజా మీద పెట్టాడు. మధ్యాహ్నానికి కొత్త పాలూ విరిగాయి.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది వదినా," అన్నాడతను, తలెత్తకుండా.

"నువ్వు అనకపోతే ఈయన ఊరుకునేవారా మరిదీ? ఇంకో వరుస వెదికేవారు. మీ ఇద్దరికీ వేరే పనేముంది?"

అతను యంత్రాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. పెద్దల్లుడు స్క్రూడ్రైవరు పట్టుకుని మళ్ళీ మూత విప్పబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక చాలు. వసారాలోకి తీసుకెళ్ళండి."

మూడేళ్ళ తర్వాత ఆమె గడప దాటింది. అతని భుజం పట్టుకుని, గోడ పట్టుకుని వసారా చేరి అరుగు మీద కూర్చుంది. ఎదుట ఖాళీ స్థలం ఉండాల్సిన చోట నాలుగంతస్తుల ఇల్లు లేచి ఉంది.

"ఎప్పుడు కట్టారు?"

"నిరుడు."

"చెప్పనేలేదే."

"నువ్వు చూడలేవు కదా అని."

ఆమె ఏదో అనబోయింది. దగ్గు వచ్చింది. మూడేళ్ళ కిందట సగంలో ఆగిన దగ్గు, మిగిలిన సగం. అది తగ్గేదాకా అతను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. వైద్యుడు చెప్పిన నాలుగు నెలల్లోంచి పదకొండు రోజులు తీసి చూశాడు, బుధవారం నుంచి నడిచిన ఇంకో నాలుగు రోజులు తీసి చూశాడు. ఆ తర్వాత లెక్క సాగలేదు.

"కూర్చోండి," అంది ఆమె. "ఎండ ఉన్నంతసేపు ఉండి లోపలికి పోదాం."

అతను పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎండ ఆమె మోకాళ్ళ మీద ఉంది. కాసేపటికి పాదాల మీదికి జారింది.