గూఢచారి నవలలు వాపసు

మల్కాపురం సందు మొదట్లో సూర్యకళది అద్దె పుస్తకాల బడ్డీ. పొద్దున్నే తలుపు తీసి, దుమ్ము దులిపి, ఈమధ్య తను చదివిన పుస్తకాన్ని వచ్చినవాళ్లకి అంటగట్టడం ఆవిడ పని. ఏడుపు నవలలు అడిగితే పక్క షాపు చూపించేది. ఆవిడ దగ్గర గూఢచారి నవలలూ, యుద్ధ చరిత్రలే ఉండేవి.

గూఢచారి నవల మొదలెట్టినవాళ్లు దాన్ని తిరిగిచ్చేదాకా ఎవరికీ కనపడరు. అలాగే టిక్కెట్టు లేకుండా ఎక్కేస్తారని సిటీబస్సు కండక్టర్లకి మల్కాపురం పేరెత్తితే ఒళ్లుమంట. యుద్ధ చరిత్రలకి గిరాకీ తక్కువ. వాటిలో పోరాడినవాళ్లంతా వచ్చి చదివేవాళ్ల వెనకాల నిలబడతారు, ఇల్లు ఇరుకైపోతుంది.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో గోడౌన్లు కట్టే కంపెనీ ఒకటి సూర్యకళ పుట్టిన జాలరిపేట మీద కన్నేసింది. కంపెనీ ఆఫీసరు ఇళ్లు చూడటానికొస్తాడని తెలిసి పేటంతా బడ్డీ మీద పడింది. చేపలమ్మే గంగాలమ్మ పిన్ని కూడా, కోడలి చేత చదివించుకుంటానని ఓ గూఢచారి నవల పట్టుకుంది.

"మనుసులే కనపడకపోతే ఆల్లు ఎవుల్ని కాళీ సేయిత్తారే?" అంది.

సూర్యకళకీ నిజమేననిపించి, ఉన్నవన్నీ పంచేసింది. సాయంత్రం పేటకి వెళ్తే ఆరేసిన వలలూ, పొయ్యి మీద ఉడికే పులుసూ తప్ప మనిషి జాడ లేదు. అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఆఫీసరు అటూ ఇటూ చూసి, "జనమే లేరిక్కడ. రేపు మిషన్ తెచ్చి చదును చేసెయ్యండి," అని జీపెక్కాడు.

సూర్యకళకి ఒళ్లు భగ్గుమంది. ఆఫీసరు మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. దాక్కోమని పుస్తకాలిచ్చింది తనే కదా.

"పిన్నీ, నవలలన్నీ ఎనక్కి ఇచ్చీండి. నాను తప్పు సేసాను," అని గుమ్మం గుమ్మానికీ కేకేసింది. బదులుగా కోటలు కాపాడుకున్నవాళ్ల చరిత్రలు తెచ్చి పంచింది. "మొన్ననే సదివాను. గెలిసారో లేదో సెప్పను గానీ, ఒక్కడూ కదల్లేదు."

"గుప్పెడు ఇల్లు. ఆల్లందర్నీ ఎక్కడెట్టమంతావే?" అంది గంగాలమ్మ.

"బయటే నిలబెట్టు."

మర్నాడు మిషన్ వచ్చేసరికి దానికి ఎదురుగా గంగాలమ్మ, ఆవిడ పక్కన సూర్యకళ, పేట జనం. వాళ్ల వెనకాల సముద్రం దాకా కోటలు కాపాడినవాళ్లు, కొందరు కత్తులతో, కొందరు ఉత్త చేతులతో. ఆఫీసరు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"ఎక్కడికీ ఎల్లనేదు, బాబూ. ఇక్కడోల్లమే," అంది గంగాలమ్మ.

మిషన్ వెనక్కి తిరిగింది. పేట ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ చరిత్ర పుస్తకాల్ని మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు, సూర్యకళా అడగలేదు.