ఈయన లేరు

లేనూరులో ఒక వంతెన ఉంది. దాని కింద నది ఉండాలా వద్దా అని పదకొండు నెలలు చర్చ నడిచింది. నది లేకపోతే వంతెన దేనికని కొందరు అడిగారు. నది ఉంటే చేపలుండాలి, చేపలుంటే పట్టేవాళ్లుండాలి, అంతమందిని ఎవరు రాస్తారని మరికొందరు అడిగారు. చివరికి నది వద్దన్నారు. వంతెన మాత్రం ఉంచారు, అప్పటికే దాని మీద ఇద్దరు ప్రేమించుకున్నారు కాబట్టి.

లేనూరు అంటే లేని ఊరు. ఊరికే కూర్చోలేని జనం కలిసి ఇంటర్నెట్లో కట్టిన ఊరు. అందులో ఎవరైనా ఒక వీధినో, ఒక దుకాణాన్నో, ఒక మనిషినో పేజీగా రాయొచ్చు. ఆ పేజీ ఊళ్లో ఉండదగ్గదా కాదా అని తేల్చడానికి నలుగురు సంపాదకులున్నారు. జీతం లేదు, భత్యం లేదు, తగువులకి మాత్రం లోటు లేదు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని కామా వాళ్లమ్మ ఈ వ్యవహారాన్నంతా ఒక్క ముక్కలో తేల్చేసింది.

కామా ఆ నలుగురిలో ఒకతి. పగలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుని, నొప్పితో వచ్చినవాళ్లకి నంబర్లు ఇస్తుంది. మధ్యలో ఖాళీ దొరికితే లేనూరుకి వెళ్లి, ఎవరు ఏం రాసినా కామాలు పెట్టి వస్తుంది. ఆ పేరు అలా వచ్చింది. ఇంట్లో వాళ్లు కూడా ఇప్పుడు అలాగే పిలుస్తున్నారు.

సంపాదకులు ప్రతి ఆదివారం పొద్దున్నే జిరాక్సు షాపు మీది గదిలో కలుస్తారు. ఒక బల్ల, ఐదు కుర్చీలు. ఐదో కుర్చీకి ఒక కాలు పొట్టి, అందుకే దాన్ని ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. వాళ్లలో పెద్ద తలకాయ మేష్టారు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. లైబ్రరీలో పనిచేసే ఆవిడ మినిట్స్ రాస్తుంది. కళ్లద్దాల షాపాయన అన్నిటికీ సాక్ష్యం అడుగుతాడు.

ఊరి మొదటి రూలు ఒక్కటే: ఉన్నది రాయకూడదు, లేనిదే రాయాలి. ఈ రూలు ఊరికే రాలేదు. వెనకటికి ఒకాయన తన ఇంటి ఓనర్ని అడ్రసుతో సహా రాసి, ఆఖరి పేరాలో మొసలికి వేశాడు. ఓనరు అది చదివి జిరాక్సు షాపు దాకా వచ్చాడు. ఆ గొడవ సద్దుమణిగాక మేష్టారు మూడు చీటీలు తయారుచేశారు. మగవాళ్ల పేజీ కింద "ఈయన లేరు", ఆడవాళ్ల పేజీ కింద "ఈమె లేరు", మిగతా వాటి కింద "ఇది లేదు". లెక్కల మనిషి కదా, సున్నాకి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చారు. కానీ ఫలానా ఆయన "లేరు" అంటే జనం ఏమనుకుంటారో ఆయనకి తట్టలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

ఆ ఆదివారం కళ్లద్దాలాయన చేతిలో ఒక గొడుగుతో వచ్చాడు. బయట ఎండ మాడిపోతోంది.

"ఒక పేజీ తీసెయ్యాలండీ" అన్నాడు కూర్చోకుండానే. "గొడుగుల బాబాయి. ఆయన ఉన్నారు."

కామా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ పేజీ రాసింది ఆమే.

"ఉన్నారని ఎలా తెలుసు?" అని అడిగారు మేష్టారు.

"పరామర్శకి వెళ్లానండీ! పేజీలో అంతా ఆయనే. వీధి చివర మెట్ల కింద దుకాణం, ఎడమ బొటనవేలికి తోలు తొడుగు, గొడుగు ఊచని పళ్లతో పట్టుకుని మాట్లాడటం. కింద చూస్తే 'ఈయన లేరు' అని ఉంది. నా గుండె జారిపోయింది. మూడు నెలల కిందట ఆయనకి నా గొడుగు ఇచ్చాను. అయ్యో, బంగారం లాంటి మనిషి పోయాడే అని షాపు మూసేసి, దారంతా కళ్లు తుడుచుకుంటూ వెళ్లాను."

"అది మన చీటీయే కదండీ" అంది లైబ్రరీ ఆవిడ. "దాని అర్థం మీకు తెలీదా?"

"తెలుసు! కానీ తెలిసిన మనిషి కింద చూస్తే వేరేగా ఉంటుందండీ."

"సరే, తర్వాత?"

"తర్వాతేముంది? ఆయనే ఎదురొచ్చి, 'ఏమైంది సార్, ఎవరైనా పోయారా?' అని అడిగాడు. 'మీరే' అని ఎలా అనను? మా పక్కింటాయన్ని చంపేసి బయటపడ్డాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అరగంట ఓదార్చాడు. పోయినవాడు నన్ను ఓదార్చాడండీ! పైగా గొడుగు బాగుచేసి చేతిలో పెట్టాడు."

ఆయన గదిలోనే గొడుగు టప్పున విప్పాడు. లైబ్రరీ ఆవిడ తల పక్కకి తప్పించింది. నాలుగో ఊచకి ఎర్రదారం, రెండు ముళ్లు. పేజీలోనూ నాలుగో ఊచకి ఎర్రదారం, రెండు ముళ్లే.

మేష్టారు కామా వైపు తిరిగారు. "ఈయన మీకేమవుతారు?"

"మా బాబా..." అని నాలుక్కరుచుకుంది కామా. "బావుంటుందని రాశానండీ."

ఆయన నిజంగా ఆమె బాబాయే. పిన్ని భర్త. పిన్ని ఉన్నన్నాళ్లూ దుకాణంలో ముందు బల్ల ఆవిడది. గొడుగులు తీసుకోవడం, వాటికి పేరు చీటీ కట్టడం, వచ్చినవాళ్లని కోప్పడటం అన్నీ ఆవిడే. బాబాయి వెనక కూర్చుని పని చేసుకునేవాడు. నిరుడు ఆవిడ పోయింది. ఆయన షట్టరు దించేసి ఐదు నెలలు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కామా రోజూ క్యారేజీ పట్టుకెళ్లేది. తింటే తినేవాడు, లేకపోతే లేదు. మాట మాత్రం లేదు.

ఏం చెయ్యాలో తోచక ఒకరోజు ఆమె లేనూరులో ఆయన్ని రాసి, ఫోను ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. మొహం చిట్లించాడు.

"మూడో ఊచకి ఎర్రదారమేంటే? మూడోదానికి కడితే ముయ్యగానే తెగి చస్తుంది. నాలుగోదానికి!"

ఐదు నెలల్లో ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట రావడం అదే మొదలు. కామా వంటగదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చి, వచ్చి దిద్దింది. మర్నాడు ఆయనే పిలిచి, "రాయి, ముందు బల్ల దగ్గర ఆవిడ కూర్చుంటుంది" అన్నాడు. కూర్చునేది అనలేదు, కూర్చుంటుంది అన్నాడు. ఊరందరి వాక్యాలూ దిద్దే కామా ఆ వాక్యాన్ని ముట్టుకోలేదు. ఆ మర్నాడు షట్టరు లేచింది. అప్పటి నుంచి రోజుకో వాక్యం. పొద్దున్నే ఆమె క్లినిక్కి వెళ్తూ దుకాణం దగ్గర ఆగుతుంది, ఆయన చెబుతాడు, ఆమె రాస్తుంది, ఆయన షట్టరు ఎత్తుతాడు. పేజీ పోతే షట్టరు మళ్లీ దిగుతుంది. కామా భయమల్లా అదే.

అందుకే ఆ గదిలో ఆమె తన సొంత బాబాయి లేడని వాదించడం మొదలుపెట్టింది.

"మీరే ఆలోచించండి. ఈ రోజుల్లో గొడుగు విరిగితే పారేసి కొత్తది కొంటారు. కూర్చుని బాగుచేసేవాడు ఒకడున్నాడంటే ఎవరైనా నమ్ముతారా?"

"నేనైతే నమ్మను" అంది లైబ్రరీ ఆవిడ.

"ఆయనిచ్చిన నీళ్లు తాగానండీ!" అన్నాడు కళ్లద్దాలాయన.

"అది సాక్ష్యం కాదు" అంది కామా. "మీరు లేనూరు స్టేషన్లో కాఫీ తాగినట్టు రాశారు. చల్లారిపోయిందని కూడా రాశారు."

కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ గంట గడిచింది. చివరికి మేష్టారు బల్ల మీద చాక్‌పీసు లేకపోయినా ఉన్నట్టుగా వేళ్లు తట్టి తీర్పు చెప్పారు.

"ఆ మనిషి లేడని ఆ మనిషే వచ్చి చెప్పాలి. వచ్చే ఆదివారం."

ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు, లైబ్రరీ ఆవిడ తడుముకోకుండా మినిట్స్‌లో రాసేసింది: "లేని మనిషికి కబురు పంపవలెను."

మర్నాడు కామా దుకాణం మెట్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. బాబాయి పళ్ల మధ్య ఊచ పట్టుకుని విన్నాడు.

"నేను లేనని నేనే చెప్పాలా?"

"అవును బాబాయ్."

"సంతకం కూడా పెట్టాలా?"

"అక్కర్లేదనుకుంటా."

ఆయన కాసేపు స్ప్రింగు సర్దాడు. "పేజీ తీసేస్తే ఆవిడ కూడా పోతుందా?"

కామాకి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "పోతుంది బాబాయ్."

ఆయన నోట్లోంచి ఊచ తీసి బల్ల మీద పెట్టాడు. "చెబుతాలే. అదేమంత కష్టం? ఐదు నెలలు అలాగే ఉన్నాగా."

ఆదివారం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఐదో కుర్చీ ఇచ్చారు. కూర్చోగానే అది కదిలింది. ఆయన లేచి, కుర్చీ తిరగేసి, జేబులోంచి తోలు ముక్క తీసి మడిచి, పొట్టి కాలికి బిగించి, మళ్లీ కూర్చున్నాడు. మూడేళ్లుగా ఊగుతున్న కుర్చీ కుదురుగా నిలబడింది.

"చూశారా!" అన్నాడు కళ్లద్దాలాయన. "లేనివాడు కుర్చీ బాగుచేస్తాడా?"

మేష్టారు చెయ్యెత్తి ఆపారు. "అయ్యా, మీరున్నారా?"

"లేనండీ."

"ఎప్పటి నుంచి లేరు?"

"నిరుటి నుంచండీ."

"అయితే అంతకుముందు ఉన్నట్టేగా?" అంది లైబ్రరీ ఆవిడ, మినిట్స్‌లోంచి తలెత్తకుండా.

బాబాయి కామా వైపు చూశాడు. ఇది వాళ్లిద్దరూ ముందే అనుకున్న ప్రశ్నల్లో లేదు.

"మరి ఇప్పుడు మాట్లాడుతున్నదెవరు?" అన్నారు మేష్టారు.

"ఏదో పని మీద వచ్చానండీ. అయిపోగానే వెళ్లిపోతాను."

కళ్లద్దాలాయనకి హుషారొచ్చింది. పేజీ తెరిచి ఒక్కో వాక్యం చదవడం మొదలుపెట్టాడు. "ఎడమ బొటనవేలికి తోలు తొడుగు. ఏదీ, చెయ్యి చూపించండి."

బాబాయి జేబులోంచి చెయ్యి తీశాడు. తొడుగు ఉంది.

"ఊచని పళ్లతో పట్టుకుంటాడు."

"పట్టుకుంటానండీ."

"ఎర్రదారం మూడో ఊచకి కడతాడు." ఇది కావాలనే తప్పు చదివాడు.

"నాలుగోదానికి!" అన్నాడు బాబాయి, కుర్చీలోంచి సగం లేచి. పని విషయంలో అబద్ధాన్ని ఆయన భరించలేడు. కామా కళ్లు మూసుకుంది. ఇక అయిపోయిందనుకుంది.

"ముందు బల్ల దగ్గర ఆవిడ కూర్చుంటుంది" అని అదే ఊపులో చదివాడు కళ్లద్దాలాయన. "విరిగిన గొడుగుతో వానలో వచ్చే బదులు ఎండలోనే రావచ్చుగా అని అందర్నీ కోప్పడుతుంది. ఆవిడ ఉందా?"

అడిగేశాక గుర్తొచ్చింది ఆయనకి. మొన్న తను కూర్చుని నీళ్లు తాగింది ఆ ముందు బల్ల దగ్గరే. అక్కడ ఎవరూ లేరు.

"లేదండీ" అన్నాడు బాబాయి.

కింద జిరాక్సు మిషను చప్పుడు వినిపిస్తోంది.

"మిగతావన్నీ నావేనండీ, కాదనను. వేలు నాది, పళ్లు నావి, దారం నాది. కానీ ఆ పేజీలో మనిషికి తలెత్తితే ఆవిడ కనబడుతుంది. నేనూ రోజూ తలెత్తుతూనే ఉన్నాను." ఆయన బొటనవేలి తొడుగు సరిచేసుకున్నాడు. "ఆయన వేరు, నేను వేరు. మీరు రాసింది నిజమేనండీ. ఆయన లేరు."

కామా ఏడుపు ఆపుకోలేదు. లైబ్రరీ ఆవిడ ఈ ముక్క మినిట్స్‌లో రాయబోయి, పెన్ను మూత పెట్టేసింది. మేష్టారు కళ్లజోడు తీసి, చాలాసేపు తుడిచారు.

"ఉంచండి" అన్నాడు కళ్లద్దాలాయన అందరికంటే ముందు. అని గొడుగు వైపు చూస్తూ, "నాకేం అభ్యంతరం లేదు" అని మళ్లీ అన్నాడు.

నలుగురూ ఉంచాలనే అన్నారు. లేనూరు చరిత్రలో నలుగురూ ఒకే మాట అనడం అదే మొదటిసారి.

బాబాయి లేచి మళ్లీ ఆగాడు. "ఒక్క మనవి అండీ. కింద 'ఈయన లేరు' అని ఒక్కణ్ణే రాశారు. 'వీళ్లిద్దరూ లేరు' అని పెడతారా?"

మేష్టారు ఇబ్బందిగా కదిలారు. "మన దగ్గరున్నవి మూడే చీటీలు. నాలుగోది కావాలంటే ప్రతిపాదన పెట్టాలి, వారం రోజులు చర్చ జరగాలి, ఆ తర్వాత..." అంటూ అందరి మొహాలూ చూశారు. ఎవరూ ఆయనకి సాయం రాలేదు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, రెండు వేళ్లతో తనే కొట్టారు. కొట్టి, తెరని బాబాయి వైపు తిప్పారు.

బాబాయి వంగి చదువుకున్నాడు. తల ఊపాడు.

దుకాణానికి వచ్చేసరికి పదకొండయింది. ఆయన తాళం తీసి షట్టరు ఎత్తుతూనే, "రాయవే" అన్నాడు. కామా మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది.

"ఈ రోజు ఆయన ఎక్కడికో పోయి, దుకాణం ఆలస్యంగా తీశాడు. ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది."

కామా రాసింది. ఆయన ముందు బల్ల తుడిచి, వెనక్కి వెళ్లి తన చోట కూర్చున్నాడు.