మేకుకు వేలాడిన బిరడా

వాన వెలిసిన శనివారం పొద్దున క్లోటిల్డా వరండా ఊడుస్తూ తలెత్తేసరికి గుమ్మం పక్క మేకుకు పడవ బిరడా వేలాడుతోంది.

చీపురు చేతిలోనే ఆగిపోయింది. ఎర్రగుడ్డ చుట్టిన చెక్క బిరడా అది. పెలికన్ బే ఊళ్లో పడవలున్న వాళ్లందరిదీ ఒకటే అలవాటు. ఒడ్డుకు లాగిన పడవలో వాననీళ్లు నిలవకుండా అడుగు రంధ్రానికున్న బిరడా పీకేస్తారు. దాన్ని పడవలో వదలకుండా ఇంటికి తెచ్చి, ఇంటి తాళంచెవితో పాటు మేకుకు తగిలిస్తారు. అడక్కుండా ఎవడూ పడవ తోసుకుపోకుండా అదే కాపలా. మళ్లీ సముద్రంలోకి వెళ్లేటప్పుడు గుర్తుపెట్టుకుని జేబులో వేసుకోవాలి.

హోలిస్ వేసుకోలేదు.

ఆమె మొగుడు హోలిస్ జాలరి కాదు. బతుకంతా టొబాగో దీవి కొండదారుల్లో బస్సు నడిపినవాడు. ఇప్పుడు శనివారం వస్తే చాలు, స్నేహితుడు బోయ్సీని వెంటేసుకుని సరదాకి గాలం వేయడానికి పోతాడు. ఇందాక ఇద్దరూ ఈ వరండాలోనే ఎర గురించి కీచులాడుకున్నారు.

“రొయ్యలెందుకురా, నీ పెళ్లి విందుకా? ఎర్రచేపకి చిన్నచేప ముక్క కావాలి” అన్నాడు హోలిస్.

“నువ్వు చెప్పినట్టు వింటే పోయిన వారం ఏం దొరికింది బావా? నాచు! మా ఆవిడ దాన్ని కూర వండమంటావా అనడిగింది” అన్నాడు బోయ్సీ.

ఆ నవ్వుల్లోనే క్లోటిల్డా కొబ్బరి రొట్టె గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. ఆ వాదులాటలోనే మెట్లు దిగిపోయారు. మేకు వైపు ఎవరూ చూడలేదు.

వరండాలోంచి ఊరి ముందున్న చిన్న అఖాతమంతా కనిపిస్తుంది. పడవ అప్పుడే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము వైపు దూసుకుపోతోంది. పరుగులో ఉన్నంతసేపు పరవాలేదు, ఆ రంధ్రంలోంచి నీళ్లు వెనక్కే పోతాయి. కొమ్ము దాటి, నీళ్లలో మునిగిన రాళ్లగుట్ట మీద ఇంజిన్ ఆపి గాలాలు వదిలారంటే అప్పుడు నీళ్లు లోపలికి రావడం మొదలవుతుంది. అడుగున పలకలు పరిచి ఉంటాయి కాబట్టి నీళ్లు చీలమండలకు తగిలేదాకా తెలియదు. అక్కడ ప్రవాహం మనిషిని నిలవనివ్వదు. బోయ్సీకి ఈత రాదు. హోలిస్ మోకాలు మెట్లెక్కడానికే మొరాయిస్తుంది.

క్లోటిల్డా బిరడా లాక్కుని, చెప్పులైనా వేసుకోకుండా కొండదారిన కిందికి పరిగెత్తింది.

ఒడ్డున వలలు దాచే సాల దగ్గర రాండాల్ఫ్ చిరిగిన వల అల్లుతున్నాడు. ఊరంతా కలిసి లాగే పెద్దవలకు అతనే పెద్ద. పక్కింటి మేవిస్ అతనితో కబుర్లాడుతూ బొచ్చెలో చేమదుంపలు కడుగుతోంది.

“వాళ్లని ఆపండి! బిరడా ఇంట్లోనే ఉండిపోయింది!” అంది క్లోటిల్డా, రొప్పుతూ.

రాండాల్ఫ్ ఆమె చేతిలోది చూశాడు. మొహంలో నవ్వు పోయింది. “నా వలపడవకి ఇంజిన్ లేదొదినా. తెడ్లేసుకుని వాళ్లని అందుకునేసరికి సాయంత్రమవుద్ది.”

క్లోటిల్డా నీళ్ల అంచుకు పోయి, నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుంది.

“అయ్యో, పిలవకే!” మేవిస్ ఆమె భుజం పట్టుకుంది. “బయల్దేరిన పడవని వెనక్కి పిలుస్తారా ఎవరైనా? ఏం జరుగుద్దో ఏమో!”

క్లోటిల్డాకి అది చెప్పక్కర్లేదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇదే ఇసుకలో అమ్మ నిలబడింది. నాన్న పడవలో చేరే నీళ్లు తోడిపోసే బుర్రకాయ ఒడ్డునే మరిచి పడవెక్కాడు. అమ్మ చూసింది. పిలవబోయి, పక్కవాళ్లు నోటి మీద చెయ్యి వేసేసరికి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం గాలివాన వచ్చింది. పడవ రాలేదు, నాన్నా రాలేదు. ఆయన మొహం క్లోటిల్డాకి ఇప్పుడు ఎంత తలచుకున్నా రాదు. గుర్తున్నదల్లా తిరిగి చూడకుండా పోయిన వీపు. అమ్మ ముసలిదై పోయేదాకా ఆ బుర్రకాయ మంచం కిందే ఉంది.

“నా గొంతు ఇంజిన్ మోతని దాటదు,” అంది క్లోటిల్డా. “రాండాల్ఫ్, శంఖం ఇయ్యి.”

“శంఖమా? వల నిండితేనే అది ఊదేది. ఉత్తినే ఊదితే ఊరంతా బేసిన్లు పట్టుకుని దిగుద్ది. వాళ్లకి ఏం పెడతావు, ఇసకా?”

“నన్నే పెడతా! ఇస్తావా, లాక్కోమంటావా?”

అతను ఇచ్చేలోపే ఆమె సాల గుంజకు వేలాడే శంఖం అందుకుంది. మొదటిసారి గాలి తుస్సుమంది. రెండోసారి ఆవు అరిచినట్టు ఏదో వచ్చింది. మూడోసారి కళ్లు మూసుకుని, పొట్టలో ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది. కొండ ఆ మోతను పట్టుకుని సముద్రం మీదికి విసిరింది. జెట్టీ మీది పెలికన్లు గుప్పున లేచాయి.

పడవ అప్పటికే కొమ్ము వెనక్కి పోయింది. ఇంజిన్ చప్పుడు సన్నగిల్లి ఠక్కున ఆగింది.

ఆ నిశ్శబ్దాన్ని ఆమె తట్టుకోలేకపోయింది. ఊదింది. మళ్లీ ఊదింది. పెదవి చిట్లి ఉప్పగా తగిలింది.

ఊరు దిగనే దిగింది. బేసిన్లు, బకెట్లు, ఒకావిడైతే పిల్ల స్నానపు తొట్టి నెత్తిన బోర్లించుకుని వచ్చింది. “చేపలేవి? వలేది? అత్తా, నువ్వేంటి శంఖం ఊదడం? మామని అమ్మేస్తున్నావా?” ఎవరో పకపకా నవ్వారు. మేవిస్ విషయం చెప్పింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. బేసిన్లు దించి కొమ్ము వైపు చూస్తూ నిలబడ్డారు.

చాలాసేపు సముద్రమే కనిపించింది.

అప్పుడు ఇంజిన్ దగ్గింది. ఒకసారి దగ్గి ఆగి, మళ్లీ అందుకుంది. కొమ్ము పక్కనుంచి పడవ ముక్కు బయటికొచ్చింది, అంచులు నీళ్లకు దగ్గరగా, నిండుచూలాలిలా బరువుగా. బోయ్సీ టోపీతో నీళ్లు తోడిపోస్తున్నాడు. వెనక హోలిస్ నిలబడి ఉన్నాడు.

క్లోటిల్డా శంఖం ఒళ్లో పెట్టుకుని అక్కడే ఇసుకలో కూర్చుంది.

పడవ ఒడ్డు తాకగానే కుర్రాళ్లు దాన్ని పైకి లాగారు. లాగుతుండగానే అడుగునుంచి పిండిముద్దలాంటిదేదో ఊడిపడింది. వెనకే నీళ్లు బుడబుడా కారాయి.

“ఏంటిది?” అన్నాడు రాండాల్ఫ్.

“రొట్టె,” అన్నాడు హోలిస్. “మా ఆవిడ కొబ్బరి రొట్టె. గుడ్డలో చుట్టి రంధ్రంలో కుక్కాను. నలభై ఏళ్లుగా గట్టిగా ఉందని తిట్టేవాణ్ణి, ఇవాళ అదే కాపాడింది.”

బోయ్సీ అందుకున్నాడు: “రొట్టె నీళ్లు ఆపింది కదా అని ఈయన కదిలితేనా? ‘చేపలు ఎగబడుతున్నాయిరా, ఇంకొంచెం సేపు’ అంటాడు! అంతలో శంఖం. పెద్దవల పడింది, మన వాటా పోద్ది అని నేను గోల చేస్తే అప్పుడు తిప్పాడు.” ఇసుకలో చితికిన రొట్టెను చూసి అతని గొంతు తగ్గింది. “ఇంకొంచెం సేపుంటే ఇది అక్కడే ఊడేది, బావా.”

హోలిస్ ఇసుకలో కూర్చున్న పెళ్లాన్ని, ఆమె ఒళ్లోని శంఖాన్ని, గుప్పిట్లోని ఎర్రగుడ్డను చూశాడు. మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

“పెదవికి రక్తమొస్తోందే,” అన్నాడు.

“రానీ. బస్సు తాళాలు ఒక్కరోజైనా మర్చిపోయావా నువ్వు?” అంటూ అతని భుజం మీద ఒక్కటిచ్చి, ఆ భుజాన్నే పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే నవ్వు కూడా వచ్చింది.

“ఆ సంగతి తర్వాత!” తొట్టి తెచ్చినావిడ అరిచింది. “శంఖం పిలిస్తే వచ్చాం. ఖాళీగా పోతే ఈ ఊరికే నామర్దా.”

పడవలోని కాసిని ఎర్రచేపలు అంతమందికీ చాలవు. మేవిస్ తన చేమదుంపల బొచ్చె ఎత్తి మధ్యలో పెట్టింది. “పంచితే తలా ఒక పొలుసొస్తది. పులుసు పెడితే అందరికీ వస్తది.” అంతే. ఒకరు పచ్చి అరటికాయలకు, ఒకరు మిరపకాయలకు, ఒకరు పెద్ద గుండిగకు పరిగెత్తారు. సీమపనస చెట్టు కింద పొయ్యి రాజుకుంది. బేసిన్లు, బకెట్లు, చివరికి స్నానపు తొట్టి కూడా పులుసుతో పొగలు కక్కుతూ కొండ మీది ఇళ్లకు పోయాయి.

తిన్నాక హోలిస్ సముద్రం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. “చేపలింకా అక్కడే ఉంటాయి.”

“తెలుసు,” అంది క్లోటిల్డా. లేచి వెళ్లి, బిరడాను తన చేత్తోనే రంధ్రంలో పెట్టి రాయితో కొట్టింది. వేలితో తడిమి చూసింది. ఇంకోసారి కొట్టింది.

పడవ కదిలింది. హోలిస్ వీపు చిన్నదవుతోంది.

“హోలిస్!” అని పిలిచింది.

మేవిస్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. హోలిస్ ఇంజిన్ తగ్గించి పూర్తిగా వెనక్కి తిరిగాడు. తెల్లగడ్డం, ఎండకి ముడుచుకున్న కళ్లు, పులుసు మరక పడ్డ చొక్కా, అన్నీ స్పష్టంగా కనిపించాయి.

“ఏంటే?”

“ఏం లేదు. వెళ్లిరా.”

అతను చెయ్యి ఊపాడు. క్లోటిల్డా ఇసుక దులుపుకుని, మేవిస్‌తో కలిసి గుండిగ తోమడానికి కూర్చుంది.