బజ్జీ కాగితాల్లో తడిజుట్టు పిల్ల

తొంభై ఏడులో నా కొట్టుకు దయ్యాల కొట్టని పేరు పడింది. పడితే పడనీ, సాయంత్రానికి ఒక్క బజ్జీ మిగిలేది కాదు. ఆత్మకూరు బస్టాండు పక్కన పదిహేనేళ్లుగా బాణలి పెట్టుకున్నదాన్ని. ఈ రెబెకమ్మ నోటికి జడవనివాడు ఊళ్లో లేడు.

ఆ ఏడు నెల్లూరు నుంచి తెప్పించిన పాత కాగితాల్లో ఇటుకంత లావు పుస్తకాలు నాలుగు వచ్చాయి. జపాను దేశానివట. ఒక్క అక్షరం అర్థం కాదు, నిండా బొమ్మలే. అవేం బొమ్మలు దేవుడా! నీళ్లోడే జుట్టు ముఖం మీద వేసుకుని ఒక పిల్ల ఇంటింటి తలుపూ తడుతుంటుంది. తలుపు తీసినవాళ్లు కళ్లు తేలేసి కూలబడతారు. మా పాస్టరుగారు చూసి, "దయ్యాన్ని పొట్లం కట్టి అమ్మతా ఉండావే రెబెకమ్మా!" అన్నారు.

"దయ్యం ఊరికినే అయ్యగారూ, బజ్జీకే డబ్బులు," అన్నాను.

ఉదయగిరి బస్సు కండక్టరు కొండలయ్య మాత్రం ఆ కాగితం కోసమే వచ్చేవాడు. కారం గిట్టని మనిషి. మిరపకాయ బజ్జీ కొని డ్రైవరు చేతిలో పెట్టి, కాగితం మడిచి టికెట్ల సంచిలో దాచుకునేవాడు.

"ఏందన్నా, ఈ వయసులో బొమ్మల పిచ్చి?" అని ఎగతాళి చేశాను.

"వరస తప్పకుండా నాకే ఇయ్యి మే. వేరేవాళ్లకు చుట్టబాక. ఆ పిల్ల యాడికి పోతాదో చూడాల."

నాలుక కరుచుకున్నాను. నిరుడు దసరా సెలవుల్లో ఆయన కూతురు జెస్సీ, పన్నెండేళ్ల పిల్ల, సంగంలో మేనత్త ఇంటికి వెళ్లి కాలవలో పడి చనిపోయింది. తన బస్సులోనే తీసుకెళ్లి అక్కడ దించింది ఈయనే. దించి 'రైట్' చెప్పిందీ ఈయనే. ఆ ఒక్క మాట పట్టుకుని మనిషి సగమైపోయాడు.

అప్పటికే మూడు పుస్తకాలు గిరాకీకి పోయాయి. నాలుగోది ఆయన కోసం పక్కన పెట్టాను. మన పుస్తకాల్లాగే ఎడమచేతి వైపు తెరిచి, రోజుకొక కాగితం చించి ఇచ్చేదాన్ని. ఇచ్చేముందు నేనూ చూసేదాన్ని, అబద్ధమెందుకు! మొదట్లో పిల్ల ఊరంతా జడిపిస్తుంది. కొన్నాళ్లకు నీళ్లలో కనబడింది, తర్వాత గట్టు మీద, ఆ తర్వాత దారిలో. జుట్టు ఆరింది, ముఖం కనబడింది. ఎంత చక్కటి పిల్లో! కొండలయ్య మళ్లీ కడుపునిండా తింటున్నాడని ఆయన భార్య సుకుమారి నాతో చెప్పి కళ్లొత్తుకుంది.

మూడు కాగితాలే మిగిలిన రోజు, ఉదయగిరిలో ఉర్దూ చెప్పే ఖాదర్ మస్తాన్ సారు బస్సు కోసం వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. ఆ మిగిలిన పుస్తకాన్ని అటు తిప్పి కుడివైపు నుంచి తెరిచాడు.

"యెనక నుంచి చించినావేందమ్మా? ఇది మా ఉర్దూ పుస్తకం మాదిరి, ఈ పక్క నుంచి మొదలు. అంకెలు చూడు, ఒకటి, రెండు. తల్లి సాగనంపతా ఉండాది, పిల్ల బయలుదేరతా ఉండాది."

అంటే ఆ పిల్ల ఇంటికి రావడం లేదు, నీళ్లలోకి పోతోంది. పాపిష్టిదాన్ని, బిడ్డను పోగొట్టుకున్నవాడికి ఇన్నాళ్లూ ఎంత ఆశ పెట్టాను!

ఇంతలో బస్సు వచ్చింది. "సారూ, ఆయన ముందర నోరెత్తబాక," అని చెప్పి మూడు కాగితాలూ శనగపిండి డబ్బా కింద దోపాను.

"కాయితాలు అయిపోయినాయన్నా," అన్నాను.

కొండలయ్య ముఖం పాలిపోయింది. "ఇంకా మూడు ఉండాల గదా. నిన్నటి దాంట్లో ఏడో నంబరు ఉన్నింది."

"అంకెలు తగ్గతా వచ్చేది నువ్వు చూసినావా?"

"ఇరవై ఏండ్లుగా టికెట్ల నంబర్లు రాసేవోణ్ణి. రెండో దినమే చూసినాను."

"తెలిసినాక కూడా ఎందుకన్నా మరి?"

"ఆ పక్క నుంచి కథ నాకు తెలుసు గదా రెబెకమ్మా. సంగంలో చూసినాను. ఈ పక్క నుంచి ఒక్కసారి చూడాల."

మూడూ తీసి ఆయన చేతిలో పెట్టబోయాను. ఒక్కటే తీసుకున్నాడు. "రేపొకటి, ఎల్లుండొకటి," అన్నాడు. సారు తల వంచుకుని వెళ్లి బస్సెక్కాడు.

మూడో రోజు ఆఖరి కాగితం. తలుపు తీసుకుని తల్లి నిలబడి ఉంది. పిల్ల గడప మీద ఉంది. కొండలయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

"వచ్చేసింది," అన్నాడు.

కాగితం జేబులో పెట్టుకుని, ఆ రోజు బజ్జీ డ్రైవరుకివ్వకుండా తానే కొరికాడు. కళ్ల వెంట ధారగా నీళ్లు. నేను చెంబుతో నీళ్లిచ్చి పక్కనే నిలబడ్డాను. డ్రైవరు ఒకటే హారన్ మోత.

"ఉండరా!" అని కసిరాను. "మనిషికి కారం తగిలి అల్లాడతా ఉండాడు, కనబడలా?"